ఒక్క ఎలక్ట్రాన్ ఆపే కరెంటు



తీగలో ఒక ఆంపియర్ కరెంటు పారుతున్నదంటే, ఆ తీగలో ఏ చోట చూసినా సెకనుకు 6 పక్కన 18 సున్నాలు పెట్టినన్ని ఎలక్ట్రాన్లు దాటిపోతున్నాయన్నమాట. వాటన్నిటిదీ ఋణావేశమే. అంటే ప్రతిదీ మిగతావాటిని దూరంగా నెట్టేదే. అయినా మన ఇంటర్మీడియట్ పుస్తకాలు ఓమ్ సూత్రాన్ని వివరించేటప్పుడు ఈ నెట్టుకోవడాన్ని లెక్కలోకి తీసుకోవు. చుట్టూ కోట్లకొద్దీ తన వంటివే ఉన్నా పట్టనట్టు ప్రతి ఎలక్ట్రాన్ తన దారిన తాను పోతుంటుందనీ, అణువుల కంపనాలకో మలినాలకో తగిలి పక్కకు మళ్ళుతుంటుందనీ, అదే నిరోధమనీ చెబుతాయి. విచిత్రమేమిటంటే, ఆ లెక్క సరిపోతుంది.

ఎందుకు సరిపోతుంది? లోహంలో ఎలక్ట్రాన్లు చాలా దట్టంగా ఉంటాయి. ఒకచోట ఆవేశం కాస్త ఎక్కువైతే చుట్టూ ఉన్నవి వెంటనే సర్దుకుని దాని ప్రభావాన్ని అణువంత దూరంలోనే కప్పేస్తాయి. మిగిలిన కొద్దిపాటి ప్రభావం ఎలక్ట్రాన్‌ను కాస్త బరువెక్కినట్టు చేస్తుందే తప్ప దాని స్వభావాన్ని మార్చదని సోవియట్ శాస్త్రవేత్త లెవ్ లాండావ్ 1956లో సిద్ధాంతీకరించాడు. అది గొప్ప సిద్ధాంతం. కానీ దానికీ ఒక హద్దుంది. ఎలక్ట్రాన్ల పరస్పర వికర్షణను ఏ రకంగానూ పక్కన పెట్టలేని చోటు ఒకటుంది. దాని వెడల్పు మిల్లీమీటరులో పదివేలో వంతు. దాని పేరు క్వాంటం డాట్. ఈ రోజు ప్రసంగం దాని గురించి.

క్వాంటం డాట్ అనగానే మీలో కొందరికి టీవీ తెరలు గుర్తుకు రావచ్చు. 2023లో అలెక్సీ ఎకిమోవ్, లూయీ బ్రూస్, మౌంగీ బావెండీలకు రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చినప్పుడు మనకు ఎక్కువగా వినబడింది రంగుల ముచ్చటే. ఆ డాట్లు కొద్ది నానోమీటర్ల స్ఫటికాలు. వాటి పని కాంతితో. నేను చెప్పబోయేవి మరో రకం. అర్ధవాహకపు పలక మీద లోహపు గీతలతో గీసేవి. వీటి పని కరెంటుతో. వీటి కథ అంత ప్రచారానికి నోచుకోలేదు గానీ, నా దృష్టిలో ఇదే లోతైన కథ.

వీటిని ఎలా చేస్తారో ముందు చూద్దాం. గాలియం ఆర్సెనైడ్ మీద అల్యూమినియం కలిసిన మరో పొరను పేరిస్తే, ఆ రెండూ కలిసే తలంలో, పై ఉపరితలానికి సుమారు 100 నానోమీటర్ల లోతున, ఎలక్ట్రాన్లు పలచని పొరగా చేరతాయి. అవి పైకీ కిందికీ కదలలేవు, పక్కలకు మాత్రం హాయిగా తిరుగుతాయి. పలక పైభాగాన సన్నని లోహపు గీతలు వేసి వాటికి ఋణ వోల్టేజి ఇస్తే, ఆ గీతల కింద ఉన్న ఎలక్ట్రాన్లు పక్కకు తొలగిపోతాయి. గీతలను తగినట్టు అమర్చితే మధ్యలో చిన్న ప్రదేశం ఒంటరిగా మిగులుతుంది. దానికి అటూ ఇటూ సన్నటి అడ్డుగోడలు, ఆ గోడలకు అవతల ఎలక్ట్రాన్లు సమృద్ధిగా ఉన్న ప్రాంతాలు. గోడలు పలచనివి కనుక క్వాంటం నియమాల ప్రకారం ఎలక్ట్రాన్ ఎప్పుడైనా ఒకసారి వాటి గుండా జారి లోపలికి రాగలదు, బయటికి పోగలదు. దీన్నే టన్నెలింగ్ అంటారు. ఆ మధ్య ప్రదేశమే మన డాట్. పక్కనే ఉన్న మరో లోహపు గీతను గేటు అంటారు. దాని వోల్టేజి మార్చి డాట్ లోపలి శక్తిని మనకు కావలసినట్టు ఎత్తవచ్చు, దించవచ్చు.

ఇప్పుడు ఒక కొసనుంచి మరో కొసకు కరెంటు పంపాలని చూద్దాం. ఎలక్ట్రాన్ డాట్‌లోకి దూకాలి, తర్వాత అవతలికి దూకాలి. కానీ లోపల అప్పటికే కొన్ని ఎలక్ట్రాన్లు ఉన్నాయి. అవి కొత్తదాన్ని నెడతాయి. ఆ నెట్టుడు ఎంత? అది చోటు పరిమాణాన్ని బట్టి ఉంటుంది. చెంబెడు నీళ్ళు ఊరి చెరువులో పోస్తే మట్టం పెరిగిందని ఎవరూ చెప్పలేరు. అవే నీళ్ళు ఉగ్గుగిన్నెలో పోస్తే పొంగి పొర్లుతాయి. ఎలక్ట్రాన్ల విషయంలో ఆ పాత్ర వైశాల్యం వంటిదే కెపాసిటెన్స్. మామూలు పరికరాల్లో అది ఎంత పెద్దదంటే ఒక ఎలక్ట్రాన్ వచ్చినా పోయినా వోల్టేజిలో తేడా కనబడదు. డాట్ కెపాసిటెన్స్ ఫారడ్‌ను పదివేల కోట్ల కోట్ల వంతులు చేసి, అందులో ఓ వంద వంతులు తీసుకున్నంత. అందువల్ల ఒక్క ఎలక్ట్రాన్ చేరితే లోపలి మట్టం సుమారు ఒకటిన్నర మిల్లీవోల్టు పెరుగుతుంది.

ఒకటిన్నర మిల్లీవోల్టంటే చిన్న సంగతే అనిపిస్తుంది. కానీ దీన్ని వేడితో పోల్చి చూడాలి. మన గది ఉష్ణోగ్రతలో ప్రతి ఎలక్ట్రాన్‌కూ వేడి వల్ల వచ్చే కదలిక శక్తి దాదాపు 25 మిల్లీ ఎలక్ట్రాన్ వోల్టులు. ఆ కల్లోలంలో ఒకటిన్నర లెక్కకు రాదు. అదే పరికరాన్ని పరమశూన్యానికి పదో వంతు డిగ్రీ పైకి చల్లబరిస్తే వేడి శక్తి ఒక మిల్లీ ఎలక్ట్రాన్ వోల్టులో వందో వంతుకన్నా తక్కువకు పడిపోతుంది. అప్పుడు కొత్త ఎలక్ట్రాన్ గోడ బయటే ఆగిపోవాలి. లోపలికి రావడానికి కావలసిన శక్తి దాని దగ్గర లేదు. కరెంటు ఆగుతుంది. ఆపింది తెగిన తీగ కాదు, నిరోధక పదార్థమూ కాదు. లోపలున్న ఎలక్ట్రాన్ల వికర్షణే ఆపింది. దీనికి కూలూంబ్ దిగ్బంధం అని పేరు.

మరో షరతు కూడా ఉంది. గోడలు మరీ పలచనైతే ఎలక్ట్రాన్ లోపలుందో బయటుందో తేలదు. తేలకపోతే దిగ్బంధమూ ఉండదు. ఒక్కో గోడ నిరోధం సుమారు 25.8 కిలో ఓములకన్నా బాగా ఎక్కువ ఉండాలి. ఈ 25.8 ఏదో పరికరానికి సంబంధించిన అంకె కాదు. ప్లాంక్ స్థిరాంకాన్ని ఎలక్ట్రాన్ ఆవేశపు వర్గంతో భాగిస్తే వచ్చేది. ఏ దేశంలో, ఏ పదార్థంతో డాట్ చేసినా ఈ అంకె మారదు.

ఇప్పుడు గేటు వోల్టేజిని నెమ్మదిగా పెంచుతూ పోదాం. కరెంటు సున్నాగా ఉంటుంది, ఉంటుంది, ఉన్నట్టుండి ఒక శిఖరంలా లేస్తుంది, మళ్ళీ సున్నాకు పడుతుంది. ఇంకొంత పెంచితే మరో శిఖరం. ఇలా వరసగా. లోపల పది ఎలక్ట్రాన్లు ఉండటానికీ పదకొండు ఉండటానికీ సరిగ్గా ఒకే శక్తి పట్టే వోల్టేజి దగ్గర మాత్రమే దారి తెరుచుకుంటుంది. అప్పుడు పదకొండోది వస్తుంది, పోతుంది, ఇంకొకటి వస్తుంది, పోతుంది. ఒకటి వెళ్ళాకే మరొకటి. ఆ సమయంలో పారే కరెంటు ఒక పికో ఆంపియర్ అయితే సెకనుకు 62 లక్షల ఎలక్ట్రాన్లు ఒక్కొక్కటిగా దాటుతున్నట్టు లెక్క. శిఖరం దాటాక డాట్‌లో ఒక ఎలక్ట్రాన్ శాశ్వతంగా పెరిగి ఉంటుంది. రెండు శిఖరాల మధ్య లోయలో ఆ సంఖ్య స్థిరం. ఒక విద్యుత్ పరికరంలో ఎన్ని ఎలక్ట్రాన్లున్నాయో వేళ్ళ మీద లెక్కపెట్టగలగడం మానవుడు సాధించిన చిన్న విజయం కాదు.

ఈ భావన మనకు ఒక్కసారిగా దొరకలేదు. పలచటి లోహపు పొరల నిరోధం చల్లదనంలో ఎందుకు పెరుగుతుందో వివరిస్తూ 1951లోనే లైడెన్‌లో కార్నెలిస్ గోర్టర్, ఆ పొరల్లోని చిన్న చిన్న రేణువులకు ఆవేశం ఎక్కించడానికి పట్టే శక్తే కారణం కావచ్చని రాశాడు. 1980ల మధ్యలో మాస్కోలో దిమిత్రీ అవెరిన్, కాన్‌స్టాంటిన్ లిఖరేవ్ దీనికి పూర్తి సిద్ధాంతం కట్టారు. 1987లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో థియోడోర్ ఫుల్టన్, జెరాల్డ్ డోలన్ అల్యూమినియంతో ఒంటి ఎలక్ట్రాన్ ట్రాన్సిస్టర్ చేసి చూపించారు. అర్ధవాహకాల్లో మాత్రం ఇది వెతకకుండానే దొరికింది. 1989లో ఎంఐటీలో జాన్ స్కాట్-థామస్, మార్క్ కాస్ట్నర్ బృందం చాలా సన్నని సిలికాన్ మార్గంలో వాహకతను కొలుస్తుంటే, గేటు వోల్టేజి మారినకొద్దీ అది సమాన దూరాల్లో పెరుగుతూ తరుగుతూ కనిపించింది. ఎలక్ట్రాన్లు ఒక స్ఫటికంలా వరసగా అమరడం వల్ల అలా జరుగుతోందేమోనని వారు మొదట భావించారు. మార్గంలో అనుకోకుండా ఉన్న మలినాలు రెండు చోట్ల గోడలుగా నిలిచి నడుమ ఒక డాట్‌ను సృష్టించి ఉంటాయని, ఇది కూలూంబ్ దిగ్బంధమేనని నెదర్లాండ్స్ నుంచి వాన్ హౌటెన్, బీనాకర్ సూచించారు. మరుసటి ఏడాదే కాస్ట్నర్ బృందం గాలియం ఆర్సెనైడ్‌లో కావాలనే రెండు గోడలు కట్టి పరీక్షించింది. శిఖరాల మధ్య దూరం గోడల మధ్య దూరాన్ని బట్టి మారింది. ఇక సందేహానికి తావు లేకపోయింది.

1996లో తారుచా, కౌవెన్‌హోవెన్ తదితరులు జపాన్, నెదర్లాండ్స్ కలిసి చేసిన ప్రయోగంలో గుండ్రటి డాట్‌ను పూర్తిగా ఖాళీ చేసి, సున్నా నుంచి మొదలుపెట్టి ఒక్కో ఎలక్ట్రాన్‌నూ నింపారు. 2, 6, 12 దగ్గర శిఖరాల ఎడం ఎక్కువగా కనిపించింది. హీలియం, నియాన్ వంటి అణువుల్లో కక్ష్యలు నిండినప్పుడు వచ్చే స్థిరత్వం వంటిదే ఇది. అందుకే క్వాంటం డాట్లను కృత్రిమ అణువులంటారు.

ఇక్కడితో కథ ముగిస్తే మీకు మిగిలే భావం ఒక్కటే: ఎలక్ట్రాన్లు నెట్టుకుంటాయి, అందువల్ల కరెంటు ఆగుతుంది. కానీ నేను ఈ ప్రసంగానికి ఒప్పుకున్నది ఆ తర్వాతి భాగం కోసం. అదే నెట్టుడు, అదే లోయలో, కరెంటును ప్రకృతి అనుమతించే గరిష్ఠ స్థాయికి తెస్తుంది. ఎలాగో చూడండి.

లోయలో కరెంటు సున్నా అన్నాను. పూర్తిగా సున్నా కాదు. క్వాంటం నియమాల్లో, శక్తి చాలని స్థితి కూడా అతి కొద్ది సేపు ఉండవచ్చు. శక్తి ఎంత తక్కువైతే ఆ వ్యవధి అంత కురచ. మన డాట్‌లో అది పికోసెకను కన్నా తక్కువ. ఆ లోపల ఒక ఎలక్ట్రాన్ బయటికి పోయి, దాని చోటికి అవతలి వైపు నుంచి ఇంకొకటి వచ్చేస్తే, ఒక ఎలక్ట్రాన్ ఆవలికి దాటినట్టే. డాట్‌లో మొత్తం మాత్రం మారదు. ఇది చాలా అరుదు, అందువల్ల చిన్న కరెంటే. ఇక డాట్‌లో ఎలక్ట్రాన్ల సంఖ్య బేసి అనుకోండి. మిగతావన్నీ జంటలై, తమ సహజ అయస్కాంత గుణమైన స్పిన్‌లను రద్దు చేసుకోగా ఒకటి జంట లేకుండా మిగులుతుంది. దాని స్పిన్ పైకో కిందికో ఉంటుంది. ఇందాక చెప్పిన మార్పిడిలో, పైకి స్పిన్ ఉన్నది వెళ్ళిపోయి కిందికి స్పిన్ ఉన్నది రావచ్చు. అంటే డాట్ స్పిన్ తిరగబడుతుంది. వికర్షణ వల్లనే ఆ చోట రెండో ఎలక్ట్రాన్ చేరలేదు, వికర్షణ వల్లనే ఆ ఒంటరి స్పిన్ నిలిచింది అన్నది గమనించండి.

ఉష్ణోగ్రత తగ్గుతున్నకొద్దీ ఈ తిరగబడడాలు విడివిడి సంఘటనలుగా మిగలవు. బయట ఉన్న అసంఖ్యాక ఎలక్ట్రాన్లన్నీ కలిసి ఆ ఒక్క స్పిన్‌తో జతకట్టి దాన్ని రద్దు చేసే ఒక ఉమ్మడి స్థితిని ఏర్పరుస్తాయి. దాని ఫలితంగా ఎలక్ట్రాన్లు దాటడానికి సరిగ్గా కావలసిన శక్తి దగ్గర ఒక కొత్త దారి పుడుతుంది. ఏ ఒక్క ఎలక్ట్రాన్‌కూ సొంతం కాని దారి అది. అన్నీ కలిసి చేసుకున్నది.

దీనికి కోండో ప్రభావం అని పేరు. ఇది మొదట కనబడింది బంగారంలో. లోహాన్ని చల్లబరిస్తే నిరోధం తగ్గాలి. 1934లో లైడెన్‌లో డి హాస్, డి బోర్, వాన్ డెన్ బెర్గ్ బంగారు తీగలను కొలిస్తే నిరోధం కొన్ని కెల్విన్‌ల దాకా తగ్గి, అక్కడినుంచి తిరిగి పెరిగింది. అందులో అణుమాత్రంగా కలిసిన ఇనుము వంటి అయస్కాంత మలినాలు కారణమని తరువాత తేలింది. ఎలా కారణమో చెప్పింది టోక్యోలోని ఎలెక్ట్రోటెక్నికల్ లాబొరేటరీలో పనిచేసే 34 ఏళ్ళ జున్ కోండో, 1964లో. మలినపు స్పిన్‌తో ఎలక్ట్రాన్లు పదేపదే ఢీకొనడాన్ని ఒక మెట్టు ముందుకు లెక్కిస్తే, చల్లబడేకొద్దీ ఆ ఢీకొనడం బలపడుతుందని చూపించాడు. ఆ లెక్క పరమశూన్యం దగ్గర అనంతానికి పోయింది. అనంతం అర్థం లేని జవాబు. దాన్ని సరిచేయడానికి సిద్ధాంతకారులకు పదేళ్ళు పట్టింది. కెన్నెత్ విల్సన్ 1975లో ప్రచురించిన సంఖ్యాత్మక పద్ధతి ఆ చిక్కును విప్పింది. ఆయనతో, విల్కిన్స్‌తో కలిసి ఆ పద్ధతిని అణువులో ఎలక్ట్రాన్ వికర్షణను సూటిగా లెక్కలోకి తెచ్చే ఆండర్సన్ నమూనాకు 1980లో విస్తరించిన వారిలో ముందు నిలిచినవాడు మన దేశస్థుడు హెచ్.ఆర్. కృష్ణమూర్తి. తరువాత బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో దశాబ్దాలపాటు బోధించాడు. క్వాంటం డాట్లు ప్రయోగశాలల్లోకి రాకముందే వాటి వాహకతను లెక్కగట్టే సాధనం సిద్ధమై ఉండడం ఈ కథలో నన్ను ఎప్పుడూ కదిలించే విషయం.

బంగారంలో కోండో ప్రభావం నిరోధాన్ని పెంచింది కదా, మరి డాట్‌లో వాహకతను ఎందుకు పెంచుతుంది? ఈ ప్రశ్న మీకు వచ్చి ఉంటే మీరు జాగ్రత్తగా వింటున్నారు. తీగలో ఎలక్ట్రాన్‌కు ముందుకు పోయే దారి ఎన్నో విధాల ఉంది. మధ్యలో ఉన్న మలినం దాన్ని చెదరగొట్టి వెనక్కి మళ్ళిస్తుంది. చెదరడం పెరిగితే నిరోధం పెరుగుతుంది. డాట్ విషయంలో ఆ మలినం దారిలో అడ్డు కాదు, దారే అది. అటునుంచి ఇటు రావాలంటే దాని గుండానే రావాలి. ఇక్కడ చెదరడం అంటే అవతలికి చేరడమే. అది బలపడితే కరెంటు పెరుగుతుంది.

ఇది ఇలాగే జరుగుతుందని 1988లో సోవియట్ యూనియన్‌లో గ్లాజ్‌మన్, రైఖ్, అమెరికాలో ఎంగ్, పాట్రిక్ లీ విడివిడిగా ఊహించారు. పదేళ్ళకు, 1998లో, డేవిడ్ గోల్డ్‌హేబర్-గోర్డన్ బృందం ఎంఐటీ, వైజ్‌మన్ సంస్థల నుంచీ, సారా క్రోనెన్‌వెట్ తదితరులు డెల్ఫ్ట్ నుంచీ దాన్ని ప్రయోగంలో చూపించారు. చల్లబరుస్తుంటే సరి సంఖ్య ఉన్న లోయలో కరెంటు తగ్గింది, బేసి సంఖ్య ఉన్న పక్క లోయలో పెరిగింది. బంగారంలో కోట్ల మలినాల సగటు మాత్రమే కొలవగలిగిన చోట, ఇక్కడ ఒకే ఒక్క స్పిన్. దాని శక్తినీ, బయటి ఎలక్ట్రాన్లతో దాని బంధాన్నీ గేటు వోల్టేజితో మార్చవచ్చు. ఇనుప అణువుకు అలాంటి మీట లేదు. 2000లో డెల్ఫ్ట్, టోక్యోల ఉమ్మడి ప్రయోగంలో వాన్ డెర్ వీల్ బృందం రెండు గోడలనూ సమానంగా సర్దినప్పుడు, లోయలోని వాహకత లేచి లేచి రెండు ఈ స్క్వేర్ బై హెచ్ దగ్గర ఆగింది (ఈ అంటే ఎలక్ట్రాన్ ఆవేశం, హెచ్ అంటే ప్లాంక్ స్థిరాంకం). ఒక క్వాంటం మార్గం ఇవ్వగలిగిన గరిష్ఠం అదే. నిరోధంలో చెబితే 12.9 కిలో ఓములు. దిగ్బంధం ఉన్న చోటే, డాట్‌లో ఎలక్ట్రాన్ల సంఖ్య మారకుండానే, దారి పూర్తిగా తెరుచుకుంది.

ఉపయోగాలేమిటని అడిగేవారికి క్లుప్తంగా చెబుతాను. ఒంటి ఎలక్ట్రాన్ ట్రాన్సిస్టర్ ఎలక్ట్రాన్ ఆవేశంలో చిన్న భాగాన్ని కూడా పసిగట్టగల మీటరు. డాట్‌లో మిగిలిన ఒంటరి స్పిన్‌ను క్వాంటం కంప్యూటరుకు బిట్‌గా వాడవచ్చని 1998లో డేనియల్ లాస్, డేవిడ్ డివిన్సెంజో ప్రతిపాదించారు. ఆ దిశలో సిలికాన్ డాట్ల మీద ఈనాడు విస్తృతంగా పని జరుగుతోంది. ఆ స్పిన్‌ను చదివే పద్ధతుల్లో చాలావాటికి పునాది ఇందాక చెప్పుకున్న దిగ్బంధమే.

ఇక తేలని సంగతి ఒకటి చెప్పి ముగిస్తాను. డాట్‌కు రెండు గోడలుంటాయి. ఒక్కటే ఉంచి, దాన్ని సన్నటి సందుగా వదులు చేస్తే వాహకత రెండు ఈ స్క్వేర్ బై హెచ్ చొప్పున మెట్లు మెట్లుగా పెరుగుతుందని 1988లో డెల్ఫ్ట్, కేంబ్రిడ్జ్ బృందాలు కనుగొన్నాయి. ఎలక్ట్రాన్లు ఒకదాన్నొకటి పట్టించుకోవనుకుంటే ఆ మెట్లు చక్కగా అర్థమవుతాయి. కానీ 1996లో కేంబ్రిడ్జ్‌లో కె.జె. థామస్, మైకేల్ పెప్పర్ తదితరులు మొదటి మెట్టుకు కింద, దాని ఎత్తులో 0.7 వంతు దగ్గర, మరో చిన్న మెట్టు ఉందని చూపించారు, అది వికర్షణ వల్ల వచ్చినదేనని సూచించారు. అక్కడ డాట్ లేదు. ఉన్నది సన్నని సందు మాత్రమే. అక్కడా ఒక ఎలక్ట్రాన్ తనంతట తాను చిక్కుకుని కోండో ప్రభావం పుడుతోందా, లేక సందులో ఎలక్ట్రాన్లు నెమ్మదించడం వల్ల వికర్షణ బలపడి అలా కనిపిస్తోందా? 2013 సెప్టెంబరులో నేచర్ పత్రిక ఒకే సంచికలో ఈ రెండు వాదాలనూ సమర్థించే రెండు పరిశోధనలను పక్కపక్కనే ప్రచురించింది. 0.7 మెట్టుకు అందరూ ఒప్పుకునే వివరణ కోసం ఇంకా కొలుస్తూనే ఉన్నారు.